గోడ మీది డబ్బా

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న గోడ నా నడుము ఎత్తు కూడా ఉండదు. కట్టించినప్పుడు ఇంకొంచెం లేపుదామని మా ఆయన అన్నారు. అవతల ఉన్నది దొంగలేం కాదు, ఇటుకలు దండగని నేనే ఆపించాను. ఆ మాట అవతల నుంచి విన్న వదిన, "అయినా దొంగతనానికి గోడెందుకు దూకుతాను వదినా? గుమ్మంలోంచే వస్తాను. తలుపు నువ్వే తీస్తావు కదా," అని నవ్వింది.

వదిన అంటే చుట్టం కాదు. ఆమె నన్ను వదినా అనేది, నేను ఆమెను వదినా అనేదాన్ని. ఎవరి వైపు నుంచి ఆ వరస కలిసిందో ఇద్దరికీ తెలియదు. వాళ్ళది గోదావరి మీద వేట చేసుకునే కుటుంబం. భర్త పోయాక వలలు మరిదికి ఇచ్చేసి, కూతురిని కాకినాడలో అత్తారింటికి పంపేసి, ఒక్కతే మిగిలింది. ఏదైనా పని చూపించమని ఒకరోజు మా గుమ్మంలో వచ్చి కూర్చుంది. మా ఇంట్లో మా అత్తగారి కాలం నుంచీ పూతరేకుల పని. నా పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుని రేకు తీయడం నేర్పాను. నేర్పినంతసేపూ విసుక్కుంటూనే ఉన్నాను. నాకు ముక్కు మీద కోపమని ఊరంతటికీ తెలుసు. ఆమె మాత్రం పట్టించుకునేది కాదు. "మా ఆయన వల చిక్కు తీసేటప్పుడు ఇంతకన్నా తిట్టేవాడులే," అనేది.

పూతరేకు తిన్నవాళ్ళు చాలామందే ఉంటారు గానీ రేకు తీయడం చూసినవాళ్ళు తక్కువ. నానిన బియ్యాన్ని పల్చటి పాలలా రుబ్బుకుంటాం. ఈ పనికని చేయించిన కుండను పొయ్యి మీద బోర్లించి కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతాం. పల్చటి గుడ్డను పిండిలో ముంచి, కాలిన కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో తెల్లటి పొర లేస్తుంది. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే కుండనే పట్టుకుని వదలదు. ఒట్టి రేకు పొడిగా ఉన్నంతకాలం నిలవుంటుంది. నెయ్యీ పంచదారా చల్లి మడిచాక మాత్రం ఎక్కువ రోజులు ఆగదు. అందుకని మా అత్తగారు ఒట్టి రేకులు కట్టలు కట్టలుగా చేసి ఉంచేవారు. ఎవరైనా కావాలంటూ వస్తే అప్పటికప్పుడు మడిచి ఇచ్చేవారు. నేనూ అదే పద్ధతిలో చేసేదాన్ని, నా దగ్గర నేర్చుకుంది కాబట్టి వదినా అలాగే చేసేది.

మా ఇద్దరి సరుకూ రాజమండ్రిలో ఒకే మిఠాయి షాపుకి వెళ్ళేది. మా ఊరు బ్యారేజీకి దిగువన, కాలవ గట్టు మీద ఉంది. మా ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు జీపు నడుపుతారు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ మా పెట్టెలూ వదిన పెట్టెలూ బండి వెనకాల కట్టుకుని తీసుకెళ్ళి అక్కడ ఆటోకి అందించేవారు.

ఇక డబ్బా సంగతి చెప్పాలి. మా రెండిళ్ళలోనూ చెరొక రేకు డబ్బా ఉండేది. పలకలుగా, మూత బిగుతుగా ఉండే పాతకాలం బిస్కెట్ డబ్బాలు. ఇటూ అటూ తిరిగి తిరిగి, ఏది ఎవరిదో మాకే తెలియకుండా పోయింది. ఆర్డర్ పెద్దదై రేకులు తక్కువ పడితే, డబ్బా ఖాళీ చేసి గోడ మీద పెట్టేవాళ్ళం. ఖాళీ గిన్నె ఖాళీగా పంపకూడదు కాబట్టి అడుగున చిన్న పొట్లంలో చిటికెడు పంచదార ఉండేది. అవతలి మనిషి డబ్బాను లోపలికి తీసుకెళ్ళి, రేకులు నింపి, మళ్ళీ గోడ మీద పెట్టేది. డబ్బా లోపలికి తీసుకుందంటే ఒప్పుకున్నట్టే. ఎన్ని ఇచ్చాం, ఎన్ని తీసుకున్నాం అన్న లెక్క ఎప్పుడూ లేదు.

నోటితో అడగొచ్చు కదా అంటారు. అడగాలంటే "మా ఇంట్లో లేవు" అనాలి. తినే వస్తువు ఏదీ ఇంట్లో లేదని మేం అనం. బియ్యం అయిపోయినా, దీపంలో నూనె అయిపోయినా ఇంకో మాటేదో వాడతాం గానీ ఆ మాట అనం. మా అత్తగారైతే ఉప్పు లేదన్నందుకు ఒకసారి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. డబ్బా ఉంటే ఆ మాటతో అవసరం లేదు. ఇవ్వాల్సినవాళ్ళకీ "లేదు" అనే ఇబ్బంది లేదు, ఎందుకంటే లేకుండా ఎప్పుడూ ఉండేది కాదు. మా అత్తగారి గదిలో అటక నిండా రేకుల కట్టలే.

ఇలా ఉండగా షాపు పెత్తనం యజమాని మేనల్లుడి చేతికొచ్చింది. ఎంబీయే చదివిన కుర్రాడు, మర్యాదస్తుడు. సరుకు పంపే ఆడవాళ్ళందరినీ రాజమండ్రి పిలిపించి, షాపు మేడ మీద హాల్లో ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి, సమోసాలు పెట్టించి, బోర్డు మీద మూడు మాటలు రాశాడు. లీన్, ఎజైల్, రెజిలియంట్. పెద్ద పెద్ద కంపెనీల్లో సరుకు ఎలా తయారవుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు పాడవుతుందో ఈ మూడు మాటల్లోనే ఉందన్నాడు.

"లీన్ అంటే ఒంట్లో కొవ్వు లేకపోవడం లాంటిదమ్మా. ఇంట్లో అనవసరంగా సరుకు పేర్చుకోవద్దు. ఆర్డర్ వచ్చాకే చేయండి, చేసింది చేసినట్టు పంపేయండి," అన్నాడు.

వదిన నన్ను మోచేత్తో పొడిచింది. "కొవ్వు వద్దంటున్నాడు వదినా, మనిద్దర్నీ ముందే బయటికి పంపేత్తాడేమో."

నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. కానీ చెప్పింది మాత్రం నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే తెగ నచ్చింది. అటక మీది రేకుల వల్ల నేను పడే అవస్థ నాకే తెలుసు. వానాకాలం చెమ్మెక్కి మెత్తబడేవి. పొయ్యి పొగ వాసన పట్టేవి. ఎలుకలు కొట్టేవి. చేతులు నొప్పి పుట్టేలా తీసిన రేకులు పొడి పొడి చేసి గేదెకు పెట్టిన రోజులున్నాయి. ఆ కుర్రాడు నా కడుపులో మాట చెప్పినట్టే అనిపించింది.

రెండో మాట ఎజైల్. ఆర్డర్ మారితే మనమూ చటుక్కున మారాలన్నాడు. పొద్దున బెల్లం రేకులు అడిగినవాళ్ళు మధ్యాహ్నానికి పంచదారవి కావాలంటే మొహం చిట్లించకూడదు, ఫోన్‌లో మెసేజ్ చూసిన వెంటనే చేతులు అటు తిరగాలి అన్నాడు. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళయింది. కింద షాపులో ఎవరో పిలుస్తున్నారు. "రెజిలియంట్ అంటే దెబ్బ తగిలినా నిలబడటమమ్మా. అది ఇంకోసారి చూద్దాం," అని బోర్డు తుడిచేశాడు. మాకూ ఆకలేస్తోంది. ఎవరం అడగలేదు.

ఇంటికొచ్చి ఇల్లు పీకి పందిరి వేశాను. అటక దులిపాను. ఉన్న రేకులన్నీ మడిచి షాపుకి పంపేశాను. అత్తగారి గదికి సున్నం వేయించి మంచం వేయించాను. ఆమె పోయాక ఆ గదిలో మనిషి పడుకోవడం అదే మొదటిసారి. నా చూపంతా ఆ ఖాళీ మీదే. ఎంత హాయిగా ఉందో! వచ్చిన వాళ్ళందరికీ గది చూపించాను. వదినకీ చూపించాను.

ఆమె మంచం మీద కూర్చుని అటక వైపు చూసింది. "బాగుంది వదినా. వేటకెళ్ళేటప్పుడు మా వాళ్ళు పడవలో ఒక వల ఎగస్ట్రా వేసుకునేవారు. ఎప్పుడూ అడ్డమే, కాళ్ళకి తగులుకునేది. తీసేయమని నేనే గోల పెట్టేదాన్ని," అంది.

"మరి తీసేశారా?" అన్నాను.

"ఎక్కడ తీశారు? నామీద అరిచేవారు." అని నవ్వి, తనూ వెళ్ళి తన అటక ఖాళీ చేసింది. తనేదో నాకు పాఠం చెప్పిందని కాదు. మంచం కావాలని ఆమెకూ ఉంది.

ఆ తర్వాత కొంతకాలం రోజులు బాగానే నడిచాయి. దాన్నీ కాదనను. పొద్దున ఫోన్ మోగేది, ఎంత కావాలో అంతే నానబెట్టేవాళ్ళం, అంతే తీసేవాళ్ళం. పాడైన రేకు అనేది లేకుండా పోయింది. రేకులు తాజాగా ఉన్నాయని షాపులో పొగిడారు. గేదెకు మాత్రం నష్టమొచ్చింది.

నేను గమనించనిది ఇంకోటుంది. డబ్బాలు గోడ మీదికి రావడం మానేశాయి. ఆర్డర్ వచ్చిందే చేస్తాం కాబట్టి తక్కువ పడటం లేదు. తక్కువ పడటం లేదు కాబట్టి గోడ దగ్గరికి పోవడమూ తగ్గింది. ఇదివరకు డబ్బా పెట్టడానికొచ్చి అరగంట మాట్లాడుకునేవాళ్ళం. ఆమె ఒంట్లో బాగుందో లేదో, నా మోకాలి నొప్పి ఎలా ఉందో, కాకినాడ నుంచి కూతురు ఫోన్ చేసిందో లేదో అన్నీ ఆ అరగంటలోనే. ఇప్పుడు ఇద్దరం ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళం, ఎవరి ఫోన్ వాళ్ళం. అలికిడి వినపడుతోంది కాబట్టి బాగానే ఉందనుకునేదాన్ని. దండగ సరుకుతో పాటు ఆ అరగంట కూడా పోయిందని అప్పుడు తోచలేదు. తోచి ఉంటే మంచం తీసేసి మళ్ళీ రేకులు పేర్చేదాన్నేమో. ఏమో, పేర్చేదాన్ని కాదేమో కూడా.

శ్రావణమాసం వచ్చింది. పైన ఎక్కడో వానలు, గోదావరి ఎర్రగా ఎత్తుగా వచ్చేసింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ప్రమాద హెచ్చరికలు ఒకటి తర్వాత ఒకటి టీవీలో చెబుతున్నారు. మా ఊరికి గట్టు ఉంది కాబట్టి నీళ్ళు రావు గానీ చెమ్మ వస్తుంది. గోడలు చెమరుస్తాయి, కొబ్బరాకులు మండవు, పొగ కళ్ళలోకి కొడుతుంది. ఇంత వానలోనూ పెళ్ళిళ్ళు ఆగవు. షాపుకి రాజమండ్రిలో ఎవరో పెద్దింటి పెళ్ళి ఆర్డర్ వచ్చింది. మా ఇద్దరికీ చెరి సగం పంచి మెసేజ్ పెట్టారు. ఆ సగమే నా మామూలు పనికి చాలా ఎక్కువ. ఎల్లుండి పొద్దున్నకి సరుకు అందాలి.

మర్నాడు తెల్లారి పెరట్లోకి వెళ్ళేసరికి గోడ మీద డబ్బా ఉంది. వాన చినుకులు మూత మీద జారుతున్నాయి. ఎన్నాళ్ళకు చూశానో దాన్ని! ముందు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. తుడిచి మూత తీశాను. అడుగున పొట్లం, పొట్లంలో చిటికెడు పంచదార.

అలవాటుగా డబ్బా పట్టుకుని అత్తగారి గదిలోకి నడిచాను. అక్కడ మంచం ఉంది. పైన అటక తుడిచినట్టు ఉంది.

నా ఇంట్లో ఒక్క రేకు లేదు. చేయాల్సిన రేకులన్నీ షాపువి, అవి కూడా ఇంకా పిండిగానే ఉన్నాయి. ఇంత కాలంలో గోడ మీద పెట్టిన డబ్బా నింపకుండా ఉన్నది లేదు. ఖాళీగా తిరిగి పెట్టడమా? పెట్టలేను. వెళ్ళి "వదినా, మా ఇంట్లో లేవు" అనడమా? ఆ మాట నాలుక మీదికే రాలేదు. ఉప్పు లేదన్నప్పుడు చూసిన అత్తగారి కళ్ళు ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. ఫోన్ నడుముకే ఉంది, సంచిలో. వదిన నంబర్ అందులో మొట్టమొదట ఉంటుంది. నొక్కితే సరిపోయేది. ఏం చెప్పాలో తోచక నొక్కలేదు.

ఒక ఆలోచన చేశాను. ముందు నా ఆర్డర్ పూర్తి చేసుకుని, ఆ వెంటనే మళ్ళీ బియ్యం నానబెట్టి, వదిన డబ్బాకి రేకులు తీద్దాం. ఇవాళ కాకపోతే రేపు తెల్లారేసరికి నింపి గోడ మీద పెట్టేద్దాం. ఎన్ని తక్కువ పడ్డాయో అడగలేదు. ఎందుకు తక్కువ పడ్డాయో కూడా అడగలేదు. నాలాగే కాస్త చేయి వెనకబడిందనుకున్నాను. డబ్బాను పొయ్యి పక్కన, కంటికి కనపడేలా పెట్టుకున్నాను.

ఆ రోజంతా పొగతోనే సరిపోయింది. ఆకు మండదు, కుండ సరిగ్గా కాలదు, రేకు లేవదు. లేచినది చినిగిపోతుంది. మా ఆయన మీద అరిచాను, ఆకుల మీద అరిచాను, గోదావరిని కూడా నాలుగు మాటలు అన్నాను. పొద్దుగూకే వేళకు నా సరుకు పూర్తయింది. మళ్ళీ బియ్యం నానబోశాను. పొద్దున లేస్తూనే పిండి రుబ్బి, ఉన్న ఆకుల్లో పొడివి ఏరి ఏరి, వదిన కోసం రేకులు తీశాను. అంత పల్చటి రేకులు నేను ఈమధ్య తీయలేదు. డబ్బా నిండుగా పేర్చి, గుడ్డ కప్పి, మూత పెట్టి గోడ మీద ఉంచాను. మా ఆయన అప్పుడే పెట్టెలు బండికి కట్టుకుంటున్నారు. "వదిన పెట్టెలు రాలేదేంటి?" అన్నారు. వస్తాయి ఉండండి అన్నాను.

పెట్టెలు రాలేదు. ఆయనకు ఆలస్యమై వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికీ డబ్బా గోడ మీదే ఉంది. ఇక ఆగలేక చుట్టూ తిరిగి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాను. తలుపుకు తాళం. వీధి వైపు అరుగు మీద పొయ్యి చల్లగా ఉంది. పక్కనే కుండ, నిలువునా చీలిపోయి రెండు ముక్కలుగా పడి ఉంది. పైన చూస్తే తాటాకు పందిట్లోంచి ఒకే చోట చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. కాలిన కుండ మీద ఆ చన్నీళ్ళ చుక్క పడింది. మట్టి కుండ అది, ఇంకేం ఆగుతుంది.

ఆమెకు కావలసింది కొన్ని రేకులు కాదు. ఆర్డర్ మొత్తం కావాలి. అది అప్పుడు తెలిసింది.

మిగతా సంగతి షాపు కుర్రాడి ఫోన్‌లో తెలిసింది. ముందు రోజు సాయంత్రం వదిన ఫోన్ చేసి, తన వల్ల కాదని చెప్పేసిందట. అతను వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఎలాగో పెళ్ళివారికి సరుకు సర్దాడట. కొత్త కుండ తెచ్చినా నూనె పట్టించి, కాల్చి, దారికి తెచ్చుకునేవరకూ దాని మీద రేకు లేవదు. అన్నాళ్ళూ ఖాళీగా ఉండటమెందుకు, షాపువాళ్ళు రాజమండ్రి బయట పెట్టిన పూతరేకుల యూనిట్‌లో మనుషులు కావాలి, వచ్చి చేరండమ్మా అన్నాడట. మంచికే అన్నాడు. ఆమె పొద్దున మొదటి బస్సుకి వెళ్ళిపోయింది.

నాకు మొదట వచ్చింది కోపమే. గోడ అవతల నేనుండగా, చెప్పకుండా పోతుందా? నేను తీసిన రేకులు అక్కర్లేదా? ఆ డబ్బాను లోపలికి తేకుండా గోడ మీదే ఉంచేశాను. వస్తే చూసి సిగ్గుపడాలని. మూత సరిగ్గా బిగించలేదేమో, మర్నాటి వానకు రేకులన్నీ ముద్దయిపోయాయి. ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. నేను తణుకులో మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు వచ్చి, సామాన్లు సర్దుకుని వెళ్ళిందట. నేను ఊళ్ళో లేనప్పుడు చూసి వచ్చిందనుకుని ఇంకా రగిలిపోయాను. కోపం ఉన్నన్నాళ్ళూ తేలిగ్గానే ఉంది. అది చల్లారాకే కష్టమైంది. పెరట్లోకి వెళ్తే అవతల పొగ లేని ఇల్లు కనిపించేది. మా ఆయన అన్న రోజునే గోడ ఎత్తుగా లేపి ఉంటే బాగుండేదనిపించేది.

చలికాలం దాటాక షాపు కుర్రాడు మళ్ళీ అందరినీ పిలిచాడు. అదే హాలు, అవే సమోసాలు. ఈసారి బోర్డు మీద ఒకటే మాట రాశాడు. అప్పుడు మిగిలిపోయిన మూడో మాట.

"ఆ పెళ్ళి ఆర్డర్‌తో నాకు బుద్ధొచ్చిందమ్మా," అన్నాడు. దాచుకోకుండా అన్నందుకు అతని మీద గౌరవం కలిగింది. "సరుకు అసలే లేకుండా ఉండకూడదు. ప్రతి ఇంట్లోనూ కొన్ని ఒట్టి రేకులు పక్కన ఉంచండి. చెమ్మ తగలని డబ్బాలు మేమే ఇస్తాం. పక్కపక్క ఇళ్ళవాళ్ళు జట్టుగా ఉండండి. ఒకరి కుండ పగిలితే ఇంకొకరు ఆదుకోవాలి. ముందుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోండి, మాకూ చెప్పండి."

అందరూ తలలూపుతున్నారు. అతను చెప్పినదాంట్లో తప్పేం లేదు. మొదటిసారి చెప్పినదాంట్లోనూ తప్పు లేదు. జట్టుగా ఉండమంటున్నాడు. ఎవరితో ఉండను? నా పక్క కుర్చీలో ఎవరో కొత్తావిడ సమోసా తింటోంది.

క్లాసు అయ్యాక వదిన గురించి అడిగాను. "యూనిట్‌లోనే ఉన్నారమ్మా. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడే నేర్పుతున్నారు," అన్నాడు.

మరో వారం ఆగి, తాజాగా రేకులు తీసి, ఆ డబ్బా నిండా పేర్చుకుని బస్సెక్కాను. యూనిట్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను బయటి తినుబండారాలు లోపలికి పోనివ్వం అన్నాడు. మధ్యాహ్నం భోజనాల బెల్ అయ్యేదాకా ఎండలో నిలబడ్డాను. భోజనం ముగించుకుని, క్యారియర్ సంచితో వదిన వచ్చింది. తలకు ప్లాస్టిక్ టోపీ, ఒంటి మీద నీలం కోటు. సూపర్‌వైజర్ పక్కనే ఉండటం చూసి, "బాగున్నారాండి?" అంది. నాకు ప్రాణం చివుక్కుమంది. గేటు దాటి రోడ్డు అవతల టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాక టోపీ తీసి, "చిక్కిపోయావేంటి వదినా," అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చేసింది.

డబ్బా ఒళ్ళో పెట్టాను. మూత తీసి, పై రేకును అంచు పట్టుకుని ఎండకేసి చూసింది. "ఎంత పల్చగా తీశావు," అంది.

"ఆ రోజు తీసినవి ఇంతకన్నా బాగా వచ్చాయి," అన్నాను. "పొద్దున్నే గోడ మీద పెట్టాను. నువ్వు అప్పటికే వెళ్ళిపోయావు. ఒక్కరోజు ఆగలేకపోయావా? కుండ పగిలిందని ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

ఆమె రేకును మళ్ళీ జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది.

"పొద్దున చూశాను, డబ్బా గోడ మీద లేదు. తీసుకుంది కదా, నింపుతుందిలే అనుకున్నా. మధ్యాహ్నం చూశాను, సాయంత్రం చూశాను. అప్పుడు నీ గదిలో మంచం గుర్తొచ్చింది. వదిన ఇంట్లో కూడా లేవు, నేను డబ్బా పెట్టి ఇరుకున పడేశాను అనిపించింది. నీ చేత 'లేవు' అనిపించడం ఇష్టం లేక షాపుకి ఫోన్ చేసేశాను."

"నామీద కోపమొచ్చి వెళ్ళిపోయావనుకున్నాను."

"కోపమేంటి వదినా? మొహం చెల్లలేదు. నువ్వు లేవని ఒక్క మాటంటే మీ ఇంటికే వచ్చేసేదాన్ని. ఒక్క కుండ మీదే ఒకరి తర్వాత ఒకరం కూర్చుని తీసేసేవాళ్ళం. నేర్చుకున్నప్పుడు కూర్చోలేదా ఏంటి?"

ఈ మాట నాకు ఒక్కసారీ తట్టలేదు. ఇద్దరు మనుషులు, ఒక కుండ. ఆమె మంట చూస్తే నేను రేకు లాగేదాన్ని. నేను అలిసిపోతే ఆమె కూర్చునేది. తెల్లారేసరికి రెండిళ్ళ సరుకూ పూర్తయ్యేది. అటక నిండా రేకులు లేకపోయినా ఫరవాలేకపోయేది.

"ఇంటికి వచ్చేయి," అన్నాను. "కొత్త కుండ చేయిద్దాం."

"ఇల్లు మా మరిదికి ఇచ్చేశాను. వాళ్ళ అబ్బాయి కాపురం పెడుతున్నాడు. ఇక్కడ గది తీసుకున్నాను, నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు. పని పరవాలేదు. పొగ లేదు, గ్యాసు మీదే." అని దగ్గు లేకుండా గాలి పీల్చి చూపించింది. నిజమే, పొయ్యి పొగకు ఏళ్ళుగా పట్టుకున్న ఆమె దగ్గు తగ్గింది. సంతోషించాలి. సంతోషించలేకపోయాను.

భోజనం టైము అయిపోవస్తోంది. ఆమె రేకులను గుడ్డతో సహా తీసి తన క్యారియర్ సంచిలో పెట్టుకుంది. డబ్బా మూత పెట్టి నా చేతికి ఇవ్వబోయి ఆగింది. అలవాటు కదా. సంచి వెతికింది. క్యారియర్ గిన్నెలు చూసింది. అన్నీ కడిగేసినవే.

"లోపల బస్తాల కొద్దీ పంచదారుంది వదినా. నాదంటూ చిటికెడు లేదు," అంది.

టీ కొట్టతన్ని అడిగితే పెట్టేవాడే. ఇద్దరం అతని పంచదార డబ్బా వైపు చూశాం కూడా. కానీ అది ఇంట్లోంచి రావాలి. ఖాళీ డబ్బా నా చేతిలో పెట్టి, బెల్ మోగడంతో టోపీ తలకు తగిలించుకుంటూ రోడ్డు దాటింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. డబ్బా ఒళ్ళో ఉంది. బస్సు బ్యారేజీ మీదికి ఎక్కినప్పుడు గోదావరి వేసవికి సన్నబడి, ఇసక తిన్నెల మధ్య పారుతోంది. పక్క సీటావిడ డబ్బా వైపు చూసి, మాట కలపడానికి, "ఏముందండీ అందులో?" అంది.

"ఏమీ లేదండి," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర. శ్రావణంలో ఆ పొద్దున గోడ మీంచి ఇదే మాట అని ఉంటే, వదిన ఆ రోజే మా ఇంటికి వచ్చి నా కుండ ముందు కూర్చునేది.